పలకని తాయారు

మడుగు ఒడ్డున కొంగ పంతులు బడి నడిపేవాడు. అక్కడ తాయారు అనే తాబేలు పిల్ల చదివేది. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయేది. కప్పపిల్లలు "రాయి, రాయి" అంటూ దాని వీపెక్కి గెంతేవి. ఏడుస్తూ పంతులికి చెప్పుకుంటే, "రాయికి ఏడుపేమిటే?" అని ఆయనా నవ్వాడు.

ఆ రోజు తాయారు తల లోపలికి ముడుచుకుంది. మళ్లీ బయటికి తియ్యలేదు, కదల్లేదు. రోజులు గడిచి వీపు మీద నాచు పట్టింది.

తల్లి మడుగంతా గాలించి బడికి వచ్చింది.

"ఇక్కడ ఈ రాయి తప్ప ఎవరూ లేరమ్మా," అన్నాడు పంతులు.

తల్లి అలసిపోయి ఆ నాచు మీదే గడ్డం ఆనించింది. "తాయారూ, ఎక్కడున్నావే తల్లీ?" అని పిలిచింది.

లోపల తాయారుకి ఆ పిలుపు స్పష్టంగా వినిపించింది.

"పాపం, ఎవరినో వెతుక్కుంటోంది," అనుకుంది.