చిలకలు వాలని చేను

"అవ్వ లేదా తాతా?"

వాకిట్లో ఒక అమ్మాయి. భుజాన పాత టేపురికార్డరు, చేతిలో మైకు. పేరు అఖ్సా అంది. చిత్తూరు నుంచి పాకాల రైల్లో వచ్చానంది.

"లేదు," అన్నాడు కుప్పయ్య.

భార్య సుబ్బులమ్మ పోయి ఏడాది. అయినవాళ్లకే రెండో మాట చెప్పని మనిషి. తెలియనివాళ్లకు ఏం చెబుతాడు?

"ఎప్పుడొస్తాది?"

కుప్పయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఆ అమ్మాయి తన పని గురించి చెప్పుకుపోయింది. గాలి, రైలు, పిట్టలు, ఏ చప్పుడైనా క్యాసెట్లో పడుతుందట. రీలు ముక్కను గుండ్రంగా అతికించి, అదే చప్పుడు మళ్లీ మళ్లీ తిరిగేలా చేస్తుందట. మాటలుండవట. అదే పాటట.

"ఒకటే కూత తిరిగి తిరిగి కూసేదానికి డబ్బా దేనికి? మా ఊరి కుక్కలు సాలవా?"

ఆమె నవ్వింది. ఒక క్యాసెట్ తీసి అరుగు మీద పెట్టింది.

"అవ్వ వచ్చినాక ఇయ్యి తాతా. ఆమె సరే అంటేనే పాటలో కలుపుతా. నకలు కూడా తీయలా."

'వచ్చినాక' దగ్గరే కుప్పయ్య తలుపు వేసుకున్నాడు. మిగతాది తలుపే వినింది.

మర్నాడు సజ్జ చేను మీద చిలకలు పడ్డాయి. కంకులు పాలు పట్టే అదను. మంచె ఎక్కి అదిలించాలని నోరు తెరిచాడు. పొడి దగ్గు వచ్చింది. ఇన్నేళ్లూ ఆ పని సుబ్బులమ్మది. ఆమె కూత ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయాడు.

రాలేదు.

మొహం ఫొటోలో ఉంది. గొంతు ఎక్కడా మిగల్లేదు. పొద్దు వాలేదాకా మంచె మీదే కూర్చుని వెతుక్కున్నాడు. దొరకలేదు.

దిగి ఇంటికొచ్చి అరుగు మీది క్యాసెట్ పగలగొట్టాడు. రీలు లాగి, కొడవలితో ముక్కలు కోసి, కట్టెలు పాతి చేనంతా కట్టాడు. గాలికి అది గుయ్యిమంది. మరుసటి పొద్దు ఎండకు తళతళలాడింది. చిలకలు వాలలేదు.

వారానికి అఖ్సా మళ్లీ వచ్చింది. చేని గట్టు మీద నిలబడి అడిగింది.

"అవ్వ వినిందా?"

"అవ్వ సచ్చి ఏడాదాయ." కుప్పయ్య చేను వైపు చెయ్యి చూపించాడు. "నీ రీలు మాత్రం పనికొచ్చింది పాపా. ఒక్క చిలకా వాల్లే."

ఆమె చేనంతా కట్టిన రీలును ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది.

గట్టు మీదే కూర్చుని, మైకును రీలుకు దగ్గరగా పెట్టి, ఆ రొదను చాలాసేపు పట్టుకుంది. డబ్బా భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

పక్క చేనిలో కలుపు తీస్తున్న వసంతమ్మ అంతా చూసింది.

"పిచ్చిది," అన్నాడు కుప్పయ్య. "గాలికి మైకు పెడతాది."

వసంతమ్మ నడుము ఎత్తింది.

"ఆ పాప నాకు తెలుసు బావా. నువ్వు శ్రీ సిటీ ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా ఉండిన ఏడాది, వరసగా మూడు దినాలు ఈ మంచె కిందనే కూర్చోనుండె. సుబ్బులక్క చిలకల్ని అదిలించే కూతంతా క్యాసెట్లో పట్టుకోని పోయింది."