గట్టయ్య సెకండు

కనకవ్వ బిందె పట్టుకుని నల్లా దగ్గరికి రాగానే, అక్కడున్న ఇద్దరు ఆడవాళ్ళు "గట్టయ్య సెకండు" అనుకుని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆమెకు అర్థం కాలేదు. గోదావరిఖని కాలనీలో కాపురం పెట్టి రెండేళ్ళయింది. బొగ్గుబాయి పనికి పొద్దున పోతే ఫస్టు, మధ్యాహ్నం పోతే సెకండు, రాత్రి పోతే నైటు. ఇంతవరకు కంఠతా వచ్చు. కానీ మొగుడు గట్టయ్యకు ఈ వారం ఫస్టు షిఫ్టు. పొద్దున్నే తన చేత్తో టిఫిన్ గిన్నె కట్టిచ్చి పంపింది. మరి ఈ సెకండు ఎక్కడిది?

పక్కింటి మల్లక్కను నిలేసింది. ఆ వరసలో గడియారం ఉన్నది ఆమె ఇంట్లోనే. ముల్లు టిక్కుమంటే సెకండు, మధ్యాహ్నం బాయికి పోతే సెకండు అంటూ మల్లక్క దాటేయబోయింది.

"గట్ల కాదక్కా. వాళ్ళు ఎందుకు నవ్విన్రో చెప్పు."

"సంసారంల సెకండంటే వేరు చెల్లె," అంది మల్లక్క, మొహం తిప్పుకుని. "పెండ్లామున్నోడు ఇంకొకామెను తెచ్చుకుంటే ఆమెను గట్లంటరు. ఇగ నన్నడగకు. కమాన్‌పూర్ అంగడి సందుల అడుగు."

కనకవ్వకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కమాన్‌పూర్ గట్టయ్య సొంతూరే. నా అన్నవాళ్ళెవరూ లేరని పెళ్ళికి ఒంటరిగా వచ్చాడు, ఒక్కసారి కూడా ఆమెను అక్కడికి తీసుకుపోలేదు. ఆదివారం వచ్చిందంటే ఓటీ అంటాడు. ఓటీ చేసినవాడి చెవుల్లో బొగ్గు దుమ్ముండాలి కదా, ఈయన నూనె రాసి దువ్విన తలతో తిరిగొస్తాడు. ఆమె ఎర్రదారంతో గుండీ కుట్టిన తెల్లచొక్కా బాయి దగ్గర ఎవడో ఎత్తుకుపోయాడన్నాడు. అప్పుడే అడగాల్సింది. ఆయన గడ్డం మీద సొట్ట చూసి మురిసిపోయి నోరు మూసుకుంది, పిచ్చిది.

ఆయన డ్యూటీలో ఉండగానే బస్సెక్కింది. ఈ మనిషి చేజారితే తనకు మిగిలేదేముందని దారంతా ఏడ్చింది.

అంగడి సందులో ఇల్లు వెతికే పనే లేకపోయింది. దండెం మీద ఆ తెల్లచొక్కా ఆరుతోంది, ఎర్రదారం గుండీతో సహా. వాకిట్లో ఒకామె బియ్యం చెరుగుతోంది. నెరిసిన జుట్టు, వెలిసిన చీర. దీనికోసమా ఇన్ని అబద్ధాలు అనిపించి కనకవ్వకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నేను గట్టయ్య పెండ్లాన్ని," అంది. "నువ్వేనా ఆ సెకండు? నా మొగన్ని నాకిడిచిపెట్టు."

ఆమె తిట్టలేదు. చేట పక్కన పెట్టి, కనకవ్వ మెడలోని పుస్తెల వైపు కాసేపు చూసింది.

"పెండ్లయ్యి ఎన్నేండ్లాయె బిడ్డా?"

"రెండేండ్లు."

ఆమె లోపలికి తిరిగి, నీళ్ళు తెమ్మని బిడ్డను కేకేసింది. చీర కట్టిన పెళ్ళీడు పిల్ల చెంబుతో బయటికి వచ్చింది. ఆ పిల్ల గడ్డం మీద సొట్ట ఉంది.

సెకండు కనకవ్వే.