ఏడుకి బదులు ఎనిమిది

"చివరి ఏడు వంకరగా ఉంది బాబూ. పూల అంచు పక్కన బాగోలేదు. అందుకే ఎనిమిది కుట్టాను" అంది ఎంబ్రాయిడరీ ఆమె, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

కొత్త గుమాస్తా గుడ్డ లాక్కుని చివరి అంకె చూశాడు.

గణిత సంస్థలో అతనికి అప్పజెప్పిన మొదటి పని ఇది. నాలుగు వరుసల పొడవున్న సంఖ్య. గుడ్డ మీద కుట్టించి, సాయంత్రం హాలు గోడకి తగిలించాలి.

"అక్కా, ఇది ప్రధాన సంఖ్య! ఏ ఎక్కంలోనూ పోకూడదు. చివర ఎనిమిదుంటే రెండో ఎక్కంలోనే పోతుంది!"

"ఇంత పొడుగు సంఖ్యలో చివరి అంకె ఎవరు చూస్తారయ్యా?"

"అదొక్కటే చూస్తారక్కా!"

"విప్పితే గుడ్డకి చిల్లులు పడతాయే!" ఆమె గుడ్డని దగ్గరికి లాక్కుంది. రాత్రీ పగలూ కూర్చుని కుట్టింది మరి.

"అయితే నా ఉద్యోగం హుష్ కాకి!"

కొట్లో బెంచీ మీద, ఊడిన కోటు బొత్తాం పట్టుకుని కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఎనిమిది పక్కన ఒకటి అంకె కుట్టు తల్లీ. సరి సంఖ్య కాకుండా పోతుంది."

"బొత్తాం కోసం వచ్చినవాళ్లకి లెక్కలెందుకండీ? కాసేపు ఊరుకోండి!" కసిరిందామె.

ఆయన నవ్వి, దగ్గరికొచ్చి అంకెలన్నీ వేలితో కూడాడు.

"ఒకటి చేరిస్తే మూడో ఎక్కంలో పోదు. ఐదో ఎక్కంలోనూ పోదు."

"అయితే ప్రధాన సంఖ్యేనా?" గుమాస్తా ఆశగా అడిగాడు.

పెద్దాయన తడబడ్డాడు. ఆమె ఎర్రబడ్డ కళ్లకేసి చూశాడు.

"ప్రధాన సంఖ్యే."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె గబగబా ఒకటి కుట్టింది. పూలకి కాడలా చక్కగా కుదిరింది. ఆ హడావిడిలో పెద్దాయన ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు.

సాయంత్రం గుడ్డ గోడకెక్కింది. హాలంతా చప్పట్లు. ముడతలు సర్దడానికి వచ్చిన ఆమె, గుమాస్తాతో పాటు వెనక నిలబడింది.

"అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పగలిగేది ఒక్కరే. దీన్ని కనిపెట్టినవారు!" అని సంస్థ అధ్యక్షురాలు ఎవరినో ముందుకు పిలిచింది.

ఆయన జనానికి వీపు పెట్టి, మొదటి అంకె నుంచి వేలు జరుపుకుంటూ పోయాడు. చివర్లో వేలు ఆగింది.

గుమాస్తా తలుపు వైపు ఒక అడుగు వేశాడు.

"ఒక్క అంకె కూడా తప్పు లేదు" అన్నాడాయన. "ఇది ఇంత అందంగా ఉంటుందని నాకే తెలీదు."

మళ్లీ చప్పట్లు మోగుతుంటే, ఆ సంఖ్య కోసం సగం జీవితం ధారపోసిన మనిషి ఇటు తిరిగాడు. కొట్లో ఆమె కసిరిన పెద్దాయనే! ఆమెకేసి చూసి చిన్నగా నవ్వాడు.