ముందు కొలత, వెనక కొలత

“కారు ఎడమవైపుకి లాగుతోంది నాన్నా,” అంది కూతురు, ఎనిమిది నెలలు నిండిన పొట్ట మీద చెయ్యి వేసుకుని. “శుక్రవారం క్యాంపుకి వెళ్తూ ఆయన చెప్పి వెళ్ళారు. స్టీరింగ్ వదిలితే చాలు, రోడ్డు దిగిపోతోందట.”

ఆదివారం ఉదయం. ఇంటి ముందు గచ్చు మీద కారు ఏ పాపమూ ఎరగనట్టు నిలబడి ఉంది. దానికి కుడివైపు ఆమె తండ్రి, తాపీ మేస్త్రీ. ఎడమవైపు ఆమె మామగారు, టైలరు. మధ్యలో కారు అడ్డం ఉండటం ఇద్దరికీ సుఖంగానే ఉంది.

వియ్యంకులు మాట్లాడుకుని ఏడాది దాటింది మరి. పెళ్ళికి మేస్త్రీ వేసుకున్న కోటు టైలరే కుట్టాడు. అద్దంలో చూసుకున్న మేస్త్రీ నలుగురిలోనూ, “ఒక చెయ్యి పొడుగొచ్చింది,” అనేశాడు. “చెయ్యి బాగానే ఉంది, మనిషే వంకర,” అన్నాడు టైలరు. అంతే, ఆ రోజు నుంచీ ఉప్పూ నిప్పూ అయ్యారు. ఇప్పుడు కూతురి కాన్పు కోసం మేస్త్రీ వచ్చి పదిరోజులైంది. ఒకే ఇంట్లో తింటూ, పడుకుంటూ, ఇద్దరూ గోడలతో మాట్లాడుతున్నారు.

“వచ్చే నెల నేను ఆస్పత్రికి వెళ్ళాల్సింది ఇందులోనే, అదీ మీ ఇద్దరి మధ్యా కూర్చుని,” అంది కూతురు. “ఇవాళ షాపులు ఉండవు. చక్రాలు ఇంట్లోనే సరిచేసుకోవచ్చట. దారం, టేపు, సుద్దముక్క ఉంటే చాలట.”

దారం అనేసరికి మేస్త్రీ నిటారుగా నిలబడ్డాడు. టేపు అనేసరికి టైలరు చెయ్యి మెడ మీదికి వెళ్ళింది.

ఆమె ఎడమ ముందు చక్రం పక్కనే చిన్న స్టూలు వేసుకుని, ఫోన్లో వీడియో పెట్టింది. “మొదటి నిమిషమంతా సోది,” అంటూ వేలితో ముందుకి తోసేసింది. ముందు చక్రాలు రెండింటి మధ్యా ముందువైపు ఎంత దూరం ఉందో వెనకవైపూ అంతే ఉండాలి. ఇంతకీ సంగతి అదే.

మేస్త్రీ తన దారం తీసి, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా లాగికట్టి చూశాడు. “ఎడమకి లాగుతోందంటే ఇటు తిప్పాలి,” అని తనకి తనే చెప్పుకుని, కారు కిందికి దూరి, చక్రాన్ని పట్టుకున్న కడ్డీని ఒక చుట్టు తిప్పేశాడు. కొలవకుండానే.

ఆ తర్వాత కొలవబోయాడు. ఒక కొస పట్టుకుంటే రెండో కొస జారిపోయింది. అవతల టైలరు తన టేపు కొసని టైరుకి గుండుసూదితో గుచ్చబోయాడు.

“మామయ్యా! అది టైరు!” అని కెవ్వుమంది కోడలు.

ఒంటిచేత్తో అయ్యే పని కాదని ఇద్దరికీ అర్థమైంది. ఇక తప్పలేదు.

“అమ్మాయ్, ఆ కొస కాస్త గట్టిగా పట్టుకోమని చెప్పు.”

“నేను ముప్ఫై ఏళ్ళుగా టేపే పట్టుకుంటున్నానని మీ నాన్నకి చెప్పమ్మా.”

“నేను చెప్పేలోపే మీకు వినిపిస్తోంది కదా!” అంది ఆమె.

ముందు కొలత, వెనక కొలతకంటే బొటనవేలంత తక్కువొచ్చింది. మేస్త్రీ నాలిక్కరుచుకున్నాడు. తిప్పిన చుట్టు మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఇంకోసారి కొలవడానికి ఇద్దరూ చెరోవైపునా బోర్లా పడుకుని కారు కింద తలలు పెట్టారు. ఏడాది తర్వాత మొదటిసారి మొహాలు ఎదురెదురుగా వచ్చాయి.

టైలరు కళ్ళు టేపు మీద లేవు.

“బావగారూ,” అన్నాడు, నోట్లోంచి అది ఎలా వచ్చిందో తనకే తెలియకుండా. “మీ కుడిభుజం అర అంగుళం దిగి ఉంది.”

“పెళ్ళీడు దాకా ఇటుకల తట్ట ఆ భుజం మీదే మోశాను.”

“నేను ఎడమభుజం ఒక్కటే కొలిచి రెండు చేతులూ కుట్టేశాను. తప్పు నాదే.”

మేస్త్రీ తన కొసని టైరుకి సరిగ్గా ఆనించాడు. “టేపు కాస్త మీవైపు లాగండి బావగారూ,” అన్నాడు.

రెండు కొలతలూ ఒకటే వచ్చాయి. గీతంత తేడా లేదు. నట్టు బిగించి, చేతుల మట్టి కడుక్కోవడానికి ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. ఇంటి ముందు నుంచి బుర్రుమని చప్పుడు వినిపించింది.

“ఎవరో కుట్టుమిషను మోటారు తగలేస్తున్నారు,” అన్నాడు టైలరు.

“కాదు బావగారూ, గోడకి డ్రిల్లు వేస్తున్నారు,” అన్నాడు మేస్త్రీ. సబ్బు నురగ చేతుల్తోనే దాని మీద ఓ పావుగంట వాదించుకున్నారు.

తర్వాత టైలరు కారు తీశాడు. పక్కన మేస్త్రీ, వెనక సీట్లో ఆమె. ఖాళీ రోడ్డు మీద, “వదలండి, వదలండి!” అని మేస్త్రీ అరిచాడు. టైలరు స్టీరింగ్ మీంచి చేతులు తీశాడు. కారు అటూ ఇటూ తొంగిచూడకుండా తిన్నగా పోయింది.

“కుట్టు వేసినట్టు పోతోంది చూశారా!” అన్నాడు టైలరు.

“దారం పట్టినట్టు పోతోంది!” అన్నాడు మేస్త్రీ. ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టుకున్నారు.

“బావగారూ, మనవడో మనవరాలో పుట్టేసరికి ఆ కోటు కాస్త సరిచేస్తారా?”

“సరిచెయ్యడమేంటి, కొత్తదే కుడతాను. ఈసారి రెండు భుజాలూ కొలుస్తాను.”

వెనక సీట్లో ఆమె చడీచప్పుడు లేకుండా భర్తకి మెసేజ్ పెట్టింది: “శుక్రవారం నువ్వు ఎడమ టైరులోంచి తీసేసిన గాలి కరెంటు పంపుతో మళ్ళీ నింపేశాను, ఇక ఇంటికి వచ్చెయ్.”