సగం తాగిన కప్పు

హ్యాంగరులో బల్ల మీద హాస్కిన్స్ కాఫీ కప్పు తళతళలాడుతోంది. కెప్టెన్ లాకరులోని సామాను తేవడానికి అతడు లోపలికి వెళ్లివచ్చేలోగా, కెప్టెన్ భార్య కొరీన్ దాన్ని శుభ్రంగా తోమిపెట్టింది.

విమానం బాగోగులు చూసే క్రూ చీఫ్ హాస్కిన్స్‌కు ఆ కప్పును కానుకగా ఇచ్చింది కెప్టెనే. ‘విమానం నాది. పైలట్‌కు అరువిస్తాను, అంతే’ అని దాని మీద రాసి ఉంటుంది. చీఫ్‌లు కప్పు కడగరు. లోపలి నల్లటి మరకే వాళ్ల సీనియారిటీ.

“ఎన్నేళ్ల మురికండీ చీఫ్ గారూ! మా ఆయన చెప్పి చెప్పి నవ్వేవారు. మీకు ఈమాత్రమైనా చెయ్యాలనిపించింది.”

“కొత్తదానిలా చేశావమ్మా. ఇక నన్ను ఎవడూ చీఫ్ అనుకోడు.”

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. సముద్రంలో కూలిన భర్త విమానం నుంచి ఆమెకు ఏమీ తిరిగి రాలేదు.

“ఆయన గుర్తు ఇంకేమైనా ఉందా? ఎంత చిన్నదైనా సరే.”

ఆ రోజు విమానం ఎక్కబోతూ కెప్టెన్ ఆ కప్పు లాక్కుని సగం తాగాడు. “మిగతాది వచ్చాక తాగుతా. పారబోశావో, ఊరుకోను!” అన్నాడు. ఆ సగం అడుగున ఎండిపోయినా హాస్కిన్స్ కప్పును ఎవరినీ ముట్టనివ్వలేదు. ఈరోజు ఆమెకే ఇద్దామని బల్ల మీద తెచ్చిపెట్టాడు.

“ఇంకేమీ లేదమ్మా,” అన్నాడు.