మూలకుట్టు

"ఈ మూల ఎవరు కుట్టారు?"

షెడ్డు నేల మీద పరిచిన ఫ్లెక్సీ పక్కన గొంతుక్కూర్చుని అడిగాడా మనిషి. మిషను పెడల్ మీద ఆమె కాలు ఆగిపోయింది. ఆ వీధిలో ఆమెను అందరూ మిషనక్క అంటారు.

"ఇక్కడ కుట్లన్నీ నావేనండీ."

అతను బొటనవేలితో మడత నొక్కి చూశాడు. తాడు కట్టడానికి మూలన బిగించిన ఇత్తడి రింగులో వేలు దూర్చి, బలమంతా పెట్టి లాగాడు. మూల ఇసుమంతైనా కదల్లేదు. మెచ్చుకోవాల్సింది పోయి, అతని మొహం ఇంకాస్త చిన్నబోయింది. లేచి రెండో మూల దగ్గరికి నడిచాడు.

నలభై అడుగుల పొడుగు, పాతిక అడుగుల వెడల్పు ఫ్లెక్సీ అది. బట్టల కొట్టు ముందు నాలుగంతస్తుల మీదుగా వేలాడాలి. నలుగురు పడితే గానీ లేవని బరువు. అంచు నాలుగు వేళ్ల మేర వెనక్కి మడిచి, మడతలో గట్టి పట్టీ పెట్టి, రెండు వరుసలు కుట్టాలి. మూలల్లో మళ్లీ అడ్డకుట్టు వెయ్యాలి. ఆ బరువు సూదిని లాగెయ్యకుండా ఆమె తమ్ముడు సూది దగ్గర ఫ్లెక్సీ అంచుని చేతుల మీద ఎత్తిపట్టి, కుట్టు నడిచినకొద్దీ తనూ జరుగుతాడు. పదమూడేళ్లుగా అక్కాతమ్ముళ్లకి అదే పని, అదే తిండి.

ఆ మనిషి పొద్దున్నే వచ్చాడు. "కట్టేముందు చూసి రమ్మన్నారు కొట్టువాళ్లు" అన్నాడు. ఒకసారి చూసి పోతాడనుకుంటే, ఒక్కో మూలా పట్టుకుని కూర్చున్నాడు.

తమ్ముడు ఆమె భుజం మీదుగా వంగాడు. "అక్కా, ఇతను కొట్టు మనిషి కాడు. కొట్టువాళ్లయితే బొమ్మ చూస్తారు, రంగు చూస్తారు. ఇతను ఒక్కసారైనా బొమ్మ వంక చూశాడా?"

"మరెవరంటావు?"

"ఆ టీచరమ్మ తాలూకేమో. నువ్వు మాత్రం నోరు మెదపకు."

మిషనక్క తల వంచి మళ్లీ పెడల్ తొక్కడం మొదలెట్టింది.

నిరుడు ఈదురుగాలికి నాలుగురోడ్ల కూడలిలో ఒక ఫ్లెక్సీ ఊడి, కింద స్కూటరు మీద వెళ్తున్న టీచరమ్మ మీద పడింది. ఆమె కాలు రెండుచోట్ల విరిగింది. కుట్టు ఊడిందని కొందరు, గాలి అలాంటిదని కొందరు అనుకున్నారు. ఫ్లెక్సీని చెత్తబండి ఎత్తుకుపోయింది. అది ఎవరి షెడ్డులోంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. అడక్కపోయినా మిషనక్కకి తెలుసు. బండివాడు బయట హారన్ కొడుతుంటే, ఆ రోజు ఆఖరి మూలకి అడ్డకుట్టు వెయ్యకుండానే పంపేసింది.

అప్పట్నుంచి గాలి కాస్త విసురుగా వీస్తే ఆమెకి ముద్ద దిగదు. ప్రతి మూలకీ ఒక అడ్డకుట్టుకి బదులు నాలుగు వేస్తుంది. ఇది ఫ్లెక్సీయా, పరుపా అని తమ్ముడు వేళాకోళం చేసినా మానదు. ఇవాళ పొద్దుట్నుంచీ గాలికి షట్టరు ఒకటే టకటకలాడుతోంది.

"నిరుడు కూడలిలో పడిందే, అది కూడా ఇక్కడ కుట్టిందేనా?" మూడో మూల దగ్గర్నుంచి అడిగాడతను, తల ఎత్తకుండా.

"మాది కాదండీ" అన్నాడు తమ్ముడు తడుముకోకుండా. "ఊళ్లో ఇలాంటి షెడ్లు బోలెడు."

"టీచరమ్మని మొన్న చూశాను. చేతికర్రతో బడి మెట్లెక్కుతోంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆగుతోంది."

టక్కుమని సూది విరిగింది. మిషనక్క విరిగిన ముక్క తీసి కొత్త సూది పెట్టబోయింది గానీ, రెండుసార్లు చూసినా ఆ సన్నటి కంత దొరకలేదు. తమ్ముడు ఆమె చేతిలోంచి సూది తీసుకుని బిగించాడు. ఆఖరి వైపు కుట్టడం అయ్యేసరికి ఆమె రవిక వీపంతా తడిసిపోయింది.

ఫ్లెక్సీని బండెక్కించడానికి మనుషుల్ని పిలుచుకొస్తానని తమ్ముడు బయటికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఆమె వంక చూసి కళ్లతోనే హెచ్చరించాడు.

అతను నాలుగో మూల పట్టుకుని లాగుతున్నాడు. ఆమె లేచి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మీరు ఆ టీచరమ్మకి ఏమవుతారో నాకు తెలీదు. మావాడు అబద్ధం చెప్పాడు. ఆ ఫ్లెక్సీ కుట్టింది నేనే. ఒక మూలకి అడ్డకుట్టు వెయ్యలేదు. తప్పు నాది, వాడికి సంబంధం లేదు. ఏం చేసుకుంటారో నన్నే చేసుకోండి."

ఏడాదిగా దాచుకున్నది అంత తేలిగ్గా బయటికొచ్చేసిందేమిటా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇక రానున్నదేదో రానీ అనుకుంది.

అతను మూల వదిలేసి, అక్కడే ఫ్లెక్సీ మీద కూలబడ్డాడు.

"మీ మూల ఊడలేదమ్మా" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"దాన్ని చెత్తబండి ఎక్కించిన వాళ్లలో నేనొకణ్ని. నాలుగు మూలలూ చూశాను. ఒక్క పోగు తెగలేదు, ఒక్క రింగు ఊడలేదు. అంతా తెలిసి కూడా, మీ కుట్టులో ఎక్కడో ఒక లోపం దొరక్కపోతుందా అని పొద్దుట్నుంచీ లాగి లాగి చూస్తున్నాను."

"లోపం దొరికితే మీకేం వస్తుందండీ?"

అతను తల దించుకున్నాడు.

"ఆ రోజు పైనెక్కి ముడి వేసింది నేను."