విమానం రెక్కలో గూడు

కుందేలు, తాబేలు, ఉడుత కలిసి ఓ బుల్లి విమానం కొనుక్కున్నాయి. తెల్లారితే చాలు, నేను ముందంటే నేను ముందని ఒకటే గొడవ.

"ఫోన్లో ఎవరి వంతెప్పుడో చూపించే యాప్ నా దగ్గరుంది. నెలకో కోడి ఇస్తే చాలు," అంది నక్క.

"కోడిని మేమెక్కణ్ణుంచి తెస్తాం బావా? చవకది వెతుక్కుంటాంలే," అంది ఉడుత.

అవి వెతుకుతుండగానే పిచ్చుక విమానం రెక్క సందులో గూడు కట్టి గుడ్లు పెట్టేసింది. ఇక విమానం కదిలించడానికి ఎవరికీ మనసొప్పలేదు. పొద్దున్నే కుందేలు కాకుల్ని తరిమేది. ఎండెక్కాక తాబేలు వచ్చి, "నువ్వెళ్లి తినిరా, నేను చూస్తుంటా," అనేది. సాయంత్రం ఉడుత వరికంకులు తెచ్చి విమానం ముక్కుకు వేలాడదీసేది.

పిల్లలు ఎగిరిపోయిన రోజు నక్క మళ్లీ వచ్చింది. "వంతుల యాప్ దొరికిందా?"



"అయ్యో, వెతకడమే మర్చిపోయాం!" అంది కుందేలు. "తాబేలన్నా, ముందు నువ్వెక్కు."